పాత రైఫిళ్ళకి ఇత్తడి కేసులు ఇంట్లో చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందు ఒక మాట. ఇక్కడున్నదంతా ఖాళీ ఇత్తడి కేసు గురించే, అంటే తూటాలో బుల్లెట్టూ మందూ తీసేస్తే మిగిలే ఆ గొట్టం గురించి. మందు ఎంత పొయ్యాలన్నది చెప్పను, ఎందుకో కింద ఉంది. ఇంకోటి, ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అందరూ ఆకారం గురించే అడుగుతారు, ఛాంబర్లో (రైఫిల్లో తూటా కూర్చునే గూడు) పట్టిందా లేదా అని. ఆకారం పెద్ద విషయం కాదండి, అది డై (కేసుని నొక్కి ఆకారం తెచ్చే ఉక్కు అచ్చు) చూసుకుంటుంది. అసలు సంగతి ఇత్తడి ఎక్కడ మెత్తగా ఉంది, ఎక్కడ గట్టిగా ఉంది, గోడ ఎంత మందం ఉంది అన్నదే. కింద ఏ ప్రశ్న తీసుకున్నా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

ఇంత కష్టం ఎందుకు, కొనుక్కోవచ్చుగా?

దొరికితే కొనుక్కోండి, నేనూ అదే చెప్తా. కానీ రైఫిల్ ఉక్కుతో చేసింది, నూటయాభై ఏళ్ళైనా అలాగే ఉంటుంది, దాని తూటా మాత్రం ఫ్యాక్టరీ ఆపేసిన రోజు నుంచి తరిగిపోతూనే ఉంటుంది. మార్టినీ-హెన్రీ 1871లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది, 11 మి.మీ. మౌజర్ కూడా 1871 మోడలే, ఫ్రెంచి లెబెల్ 1886. ఇలాంటి వాటికి షాపులో తూటా అడిగితే ఎప్పుడో ఒకసారి కొంచెం వస్తుంది, వచ్చినప్పుడు రేటు చూసి కళ్ళు తిరుగుతాయి. అందుకే ఇప్పటికీ తయారవుతున్న కేసు ఒకటి తీసుకుని, దాన్ని నొక్కి, కోసి, మనకి కావాల్సిన పాత కేసుగా మార్చుకుంటారు. మొదటిదాన్ని తల్లి కేసు అందాం, ఇంగ్లీషులో కూడా దాన్ని పేరెంట్ కేసే అంటారు.

ఇది చట్టప్రకారం ఓకేనా?

మీరు ఎక్కడ ఉన్నారన్న దాన్ని బట్టి. కొన్ని చోట్ల ఖాళీ కేసు ఇత్తడి ముక్క కిందే లెక్క, కొన్ని చోట్ల ప్రైమర్ (అడుగున ఉండి, దెబ్బ తగిలితే మందు అంటించే చిన్న టోపీ) లేని ఖాళీ కేసు కూడా లైసెన్స్ లేకుండా ఇంట్లో ఉండకూడదు, తయారీకి ఇంకో లైసెన్స్ వేరే. ఎవరో ఆన్‌లైన్లో పర్లేదన్నారని మొదలుపెట్టకండి, మీ లైసెన్స్ ఇచ్చే ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకుని అప్పుడు డై కొనండి.

ఏ కేసులోంచి ఏ కేసు వస్తుందో ఎలా తెలుస్తుంది?

మూడు కొలతలు చూడాలి, ఈ వరసలోనే చూడాలి. ఒకటి అడుగు వ్యాసం, అంటే రిమ్‌కి (కేసు అడుగు చివర ఉండే అంచు) కాస్త పైన బాడీ ఎంత లావుంది. రెండు రిమ్ వ్యాసం, మందం. మూడు పొడవు. చాలామంది పొడవుతో మొదలెడతారు, అది తప్పు వరస, ఎందుకంటే పొడవు ఎక్కువైతే కోసెయ్యొచ్చు, మెడ (బుల్లెట్టుని పట్టుకునే పైభాగం) లావైతే నొక్కొచ్చు, అడుగు మాత్రం మనం ఇంట్లో మార్చలేం, మార్చకూడదు కూడా. ఒత్తిడి మొత్తం తట్టుకునేది ఆ అడుగే, ఫ్యాక్టరీలో దాన్ని కొట్టి కొట్టి కావాలనే గట్టిగా చేస్తారు.

బాగా తెలిసిన జతలు కొన్ని చెప్తా, ఈ అంకెలన్నీ తూటాల పేర్లే. .30-06 నుంచి 8×57 మౌజర్, 7.65×53 మౌజర్, 7.7×58 జపాన్ వస్తాయి, వీటన్నిటికీ అడుగు దాదాపు ఒకటే, 12 మి.మీ. దగ్గర. .30-30 నుంచి .25-35, .219 జిప్పర్, .22 సావేజ్ హై-పవర్, .32-40 వస్తాయి, అయితే .32-40కి పొడవు రెండు మిల్లీమీటర్ల పైన తక్కువ పడుతుంది, చాలామంది అలాగే వాడేస్తారు. .45-70 నుంచి .40-65, .38-56, .33 వించెస్టర్. రష్యన్ 7.62×54ఆర్ 1891 నుంచి ఇప్పటిదాకా ఆగకుండా తయారవుతూనే ఉంది కాబట్టి అది బంగారు గని లాంటిది, దాన్నుంచి ఆస్ట్రియా వాళ్ళ 8×50ఆర్, 8×56ఆర్ రెండూ వస్తాయి, రెండోదానికి పొడవు కాస్త తగ్గుతుంది. .303 బ్రిటిష్ నుంచి 6.5×53ఆర్ మన్లిచర్ వస్తుంది, రిమ్ కొంచెం తగ్గించుకోవాలి. 6.5 జపాన్ అరిసాకాకి .220 స్విఫ్ట్ తీసుకుంటారు.

కుదరని జతలు కూడా తెలిసుండాలి. 6.5 మన్లిచర్-షోనావర్ చూడ్డానికి .30-06లోంచి తేలిగ్గా వచ్చేలా ఉంటుంది, కానీ .30-06 అడుగు దానికన్నా అర మిల్లీమీటరు లావు, ఆ అర మిల్లీమీటరు ఇంటి ప్రెస్సు (కేసుని డైలోకి తోసే చేతి యంత్రం) మీద నొక్కడం జరిగే పని కాదు. అడుగు ఛాంబర్‌కన్నా బాగా సన్నమైనా అదే గొడవ, పేల్చినప్పుడు గట్టి ఇత్తడి ఒక్కసారిగా సాగాలి, సాగలేక చీలుతుంది. మిల్లీమీటరులో పదో వంతు తేడా అంటే అది వేరే సంగతి.

నా రైఫిల్ మీద కాలిబర్ (ఏ తూటాకి చేసిందో చెప్పే) గుర్తు లేదు, లేదా ఉన్నా నమ్మకం లేదు. ఏం చెయ్యాలి?

నమ్మకపోవడమే మంచిది. పాత రైఫిళ్ళలో బ్యారెల్ మార్చినవి, ఛాంబర్ తొలిచి వేరే కాలిబర్ చేసినవి బోలెడు. ఛాంబర్ అచ్చు తీయండి. దీనికి సెర్రోసేఫ్ అనే బిస్మత్ మిశ్రమం వాడతారు, 70 నుంచి 88 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంటే వేడినీళ్ళ మీద పెట్టినా చాలు. బ్యారెల్లో ఛాంబర్ దాటి ఒక అంగుళం ముందు గుడ్డ ఉండ బిగించి, ఛాంబర్ నిండేదాకా పోసి, గట్టిపడగానే వెనక నుంచి తీసెయ్యాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఈ లోహం మొదట అరగంట కాస్త కుంచించుకుంటుంది, తర్వాత మళ్ళీ పెరుగుతుంది, సుమారు గంటకి అసలు ఛాంబర్ సైజుకి వస్తుంది. వెంటనే కొలిస్తే తక్కువ, మర్నాడు కొలిస్తే ఎక్కువ. గంటకి కొలిచి అన్నీ కాగితం మీద రాసుకోండి, మెడ వ్యాసం ముఖ్యంగా.

ఏ సామాను కావాలి?

గట్టి సింగిల్ స్టేజ్ ప్రెస్, 7/8-14 మరతో డైలు, కేసు రిమ్‌ని పట్టుకునే సరైన షెల్ హోల్డర్, కేసు కోసే ట్రిమ్మర్ లేదా ట్రిమ్ డైతో పాటు సన్న పళ్ళ రంపం, ఆకురాయి, లోపలా బయటా అంచు నున్నగా చేసే డీబరింగ్ టూల్, వెర్నియర్ కాలిపర్, గుండ్రటి మొన ఉన్న మైక్రోమీటర్ (మామూలు మైక్రోమీటర్ వంపు గోడ మీద తప్పు చూపిస్తుంది), గ్యాస్ టార్చ్, వేడి చూపించే రంగు, లానోలిన్ ఉన్న మంచి కందెన, కళ్ళద్దాలు. లేత్ ఉంటే హాయి, కానీ పైన చెప్పిన జతల్లో చాలావాటికి అక్కర్లేదు. డబ్బు ఎక్కడ పెట్టాలంటే డై మీద, మైక్రోమీటర్ మీద. ప్రెస్ సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు.

ఒకేసారి డైలోకి తోసేస్తే ఏమవుతుంది?

కొన్నిటికి ఏం కాదు, .30-06ని 8×57 డైలోకి బాగా కందెన పూసి నెమ్మదిగా తోస్తే చాలావరకు పోతుంది. కానీ అసలు లోపల ఏం జరుగుతుందో 7.65×53 తీసుకుని చూద్దాం, అది అర్థమైతే మిగతా అన్నీ అర్థమైనట్టే.

.30-06 పొడవు 63.3 మి.మీ. దాని భుజం (బాడీ సన్నబడి మెడగా మారే ఏటవాలు భాగం) అడుగు నుంచి 49.5 దగ్గర మొదలై, మెడ 53.6 దగ్గర మొదలవుతుంది. మనకి కావాల్సిన 7.65 కేసు మొత్తం పొడవే 53.5. అంటే పాత మెడ మొత్తం కోసి పారేస్తున్నాం, కొత్త మెడ అంతా పాత భుజం, పాత బాడీ పైభాగం నుంచి వస్తోంది. బాడీ గోడ కిందకి వెళ్ళేకొద్దీ మందం అవుతుంది కదా, పైగా లావుగా ఉన్న గొట్టాన్ని సన్నగా నొక్కితే ఆ ఇత్తడి ఎక్కడికీ పోదు, లోపలికే తిరిగి ఇంకా మందం అవుతుంది. అందుకే కొత్త మెడ మామూలు మెడకన్నా మందంగా, గట్టిగా వస్తుంది. ఆకారం చూస్తే అచ్చం 7.65 లాగే ఉంటుంది, కాలిపర్ పెట్టి చూస్తే తప్ప తెలీదు.

వరస ఇలా పెట్టుకోండి: ప్రైమర్ తీసేసి కడగడం, మెడ భుజం అనీల్ చెయ్యడం (వేడి చేసి మెత్తబెట్టడం, వివరం కింద ఉంది), ఆకారం తెచ్చే ఫార్మ్ డైలోకి తోయడం, డై పైన మిగిలింది రంపంతో కోసి ఆకురాయితో సమం చెయ్యడం, కేసు మొత్తాన్ని చివరి కొలతకి తెచ్చే ఫుల్ లెంగ్త్ సైజ్ డైలోకి తోయడం, మెడ మందం కొలిచి అవసరమైతే తగ్గించడం, అసలు పొడవుకి ట్రిమ్ చెయ్యడం, చివర్లో మళ్ళీ అనీల్. వ్యాసం బాగా తగ్గించాల్సి ఉంటే మధ్యలో రెండు మూడు డైలు మెట్లు మెట్లుగా ఉంటాయి, ఒక్కో మెట్టుకీ ఆగి చూసుకోవాలి. డైలోకి తోసేటప్పుడు ప్రెస్ చెయ్యి చెప్తుంది, నున్నగా జారుతూ బరువుగా ఉంటే సరే, ఒక్కసారిగా కరకరమని పట్టేస్తే ఆపి వెనక్కి లాగండి, బలం పెట్టి తోస్తే రిమ్ ఊడి కేసు డైలో ఉండిపోతుంది.

అనీలింగ్ అంటే ఏంటి, ఎంత వేడి చెయ్యాలి?

తూటా ఇత్తడి అంటే 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. ఈ ఇత్తడిని వంచినా నొక్కినా గట్టిపడుతుంది, గట్టిపడ్డాక మళ్ళీ నొక్కితే చీలుతుంది. వేడి చేస్తే లోపలి రేణువులు కొత్తగా ఏర్పడి మళ్ళీ మెత్తబడుతుంది. కంచరివాళ్ళు చెంబు సాగగొట్టేటప్పుడు మధ్యమధ్యలో కొలిమిలో పెట్టి తీస్తారు చూడండి, అదే ఇది. ఇత్తడిని మెత్తబెట్టే దారి వేడి ఒక్కటే, గట్టిపరిచే దారి కొట్టడం, నొక్కడం ఒక్కటే. ఉక్కులాగా వేడి చేసి ముంచి గట్టిపరచడం దీనికి లేదు.

మెడ, భుజం మాత్రమే మెత్తబడాలి. అడుగు మెత్తబడితే ఆ కేసు ఇక పనికిరాదు, చెత్తలో వెయ్యాల్సిందే, దాన్ని మళ్ళీ గట్టిపరిచే మార్గం ఇంట్లో లేదు. మెత్తటి అడుగుతో పేలిస్తే ప్రైమర్ గుంట వెడల్పవుతుంది, వాయువు వెనక్కి మొహం మీదకి వస్తుంది. ఈ మొత్తం పేజీలో ఒక్క వాక్యమే గుర్తుంచుకుంటాం అంటే అది ఇదే అనుకోండి.

పద్ధతి: డ్రిల్‌కి కేసు పట్టే సాకెట్ బిగించి మెల్లగా తిప్పుతూ మంట మొనని మెడ-భుజం కలిసే చోట పెట్టండి. మెడ లోపల 400 డిగ్రీల దగ్గర కరిగే రంగు గీత, భుజం కింద బాడీ మీద 250 డిగ్రీల రంగు గీత గీయండి. పైది కరగాలి, కిందది కరగకూడదు. సాధారణంగా కొన్ని సెకన్లలో అయిపోతుంది, మీ టార్చ్‌కి ఎన్ని సెకన్లో రంగుతో నాలుగైదు కేసుల మీద చూసుకుని తర్వాత అదే లెక్కతో వెళ్ళిపోవచ్చు. ఎర్రగా మెరిసేదాకా పెట్టమని చెప్పేవాళ్ళున్నారు, వెలుతురు ఉన్న గదిలో ఎర్రగా కనపడిందంటే అప్పటికే దాటిపోయింది. బాగా దాటితే జింకు ఆవిరై పొగొస్తుంది, అది పీలిస్తే సాయంత్రానికి జ్వరం, ఒళ్ళునొప్పులు. గాలి ఆడే చోట చెయ్యండి.

పళ్ళెంలో నీళ్ళు పోసి కేసులు నిలబెట్టి పైన మంట తిప్పే పాత పద్ధతి కూడా ఉంది. అడుగు చల్లగా ఉంటుంది నిజమే, కానీ మంట ఒక పక్కే ఎక్కువ తగులుతుంది, మెడ ఒక వైపు మెత్తగా ఒక వైపు గట్టిగా తయారవుతుంది, తర్వాత డైలో వంకర పోతుంది. నాకు అది నచ్చదు. అంతకన్నా కేసు అడుగుని వట్టి వేళ్ళతో పట్టుకుని చిన్న మంటలో తిప్పి, వేళ్ళకి చుర్రుమనగానే వదిలెయ్యడం నయం, అడుగు వేడెక్కిందో లేదో మీ వేళ్ళే చెప్తాయి.

అసలు చెప్పక్కర్లేదు అనుకుంటా కానీ చెప్తున్నా, ప్రైమర్ ఉన్న కేసుని మంట దగ్గరకి తీసుకెళ్ళకండి. పేలిన ప్రైమర్ అని నమ్మకమున్నా సరే తీసేసి చూడండి.

నీళ్ళలో ముంచకపోతే గట్టిపడిపోతుందా?

లేదు. ముంచినా ముంచకపోయినా మెత్తదనం ఒకటే. ముంచేది వేడి కిందకి పాకకుండా ఆపడానికే. పొడవాటి కేసైతే గాలిలో వదిలేసినా పర్లేదు, పొట్టి కేసైతే ముంచండి.

మెడ మందం గురించి అంత భయపెడుతున్నారు, నిజంగా అంత ప్రమాదమా?

అవును. కేసు ఛాంబర్లో పెట్టినప్పుడు బుల్లెట్టు ఉన్న మెడకీ ఛాంబర్ గోడకీ మధ్య కాస్త సందు ఉండాలి, పేలినప్పుడు మెడ ఆ సందులోకి విచ్చుకుని బుల్లెట్టుని వదులుతుంది. సందు లేకపోతే మెడ విచ్చుకోదు, బుల్లెట్టు బిగుసుకుంటుంది, ఒత్తిడి ఎక్కడికో వెళ్ళిపోతుంది. మామూలుగా సరిపోయే మందు కూడా అప్పుడు రైఫిల్ పగలగొట్టేంత అవుతుంది.

లెక్క తేలికే. ఖాళీ కేసులో బుల్లెట్టు మాత్రం కూర్చోబెట్టి, మందు ప్రైమర్ ఏమీ లేకుండా, మెడ బయట వ్యాసం కొలవండి. ఛాంబర్ అచ్చు మీద మెడ వ్యాసంలోంచి అది తీసెయ్యండి. మొత్తం తేడా 0.05 నుంచి 0.08 మి.మీ. కన్నా తక్కువ ఉంటే మెడ పలచన చెయ్యాల్సిందే. పాత మిలిటరీ ఛాంబర్లు బురద మట్టి పడినా పనిచెయ్యాలని వదులుగా తొలిచేవాళ్ళు, వాటిలో చాలాసార్లు సమస్యే రాదు, కానీ కొలవకుండా ఆ మాట నమ్మకండి.

పలచన చెయ్యడానికి రెండు దారులు, బయట నుంచి చెక్కే నెక్ టర్నర్, లోపల నుంచి తొలిచే రీమర్. బయట చెక్కడం తేలిక, గోడ చుట్టూ ఒకే మందం వస్తుంది. కానీ మెడ అడుగున భుజం కలిసే చోట లోపలికి ఉబ్బిన రింగు ఒకటి మిగులుతుంది, దాన్ని డోనట్ అంటారు, పాత బాడీ ఇత్తడి అక్కడ పోగవుతుంది, అది పోవాలంటే రీమరే దిక్కు. రీమర్ కేసు ట్రిమ్ డైలో ఉండగానే పెడితే నిటారుగా వెళ్తుంది. మామూలు ఫ్యాక్టరీ .30-06 మెడ గోడ 0.35 నుంచి 0.38 మి.మీ. మధ్య ఉంటుంది, మీదీ ఆ చుట్టుపక్కలకి వస్తే ప్రశాంతంగా ఉండొచ్చు.

భుజం మీద ముడతలు, గుంటలు పడుతున్నాయి. పగుళ్ళు కూడా.

గుంటలైతే కందెన ఎక్కువైంది. నూనె నొక్కుకోదు, దానికి చోటు కావాలి, ఇత్తడిని లోపలికి తోసేస్తుంది. భుజం మీద పూయకండి, బాడీకి మాత్రం పలచగా. చిన్న గుంటలు పేల్చినప్పుడు పోతాయి, ప్రమాదం లేదు. ముడతలైతే ఒకే మెట్టులో ఎక్కువ తగ్గిస్తున్నారు, లేదా మరీ మెత్తబెట్టారు, మరీ మెత్తగా ఉన్న ఇత్తడి డైలో జారకుండా కుంగుతుంది. మెడ నిలువుగా పగిలితే అనీల్ సరిపోలేదు. ముడత లోతుగా మడత పడిందంటే ఆ కేసు పక్కన పడెయ్యండి, పది కేసులకి ఒకటి రెండు పోతాయని ముందే లెక్కేసుకుని ఎక్కువ తెచ్చుకుంటే మనసు పీకదు.

సన్న మెడని వెడల్పు చెయ్యాలంటే?

ఏటవాలు ఎక్స్‌పాండర్‌తో, ఒక సైజు తర్వాత ఒక సైజు. ముందు అనీల్. ఇక్కడ మెడ పలచబడుతుంది, కేసు పొడవు కాస్త తగ్గుతుంది, కాబట్టి ట్రిమ్ చివరనే. నొక్కడంకన్నా ఇది తేలిక పని.

ఫైర్ ఫార్మింగ్ (ఛాంబర్లో పేల్చి కేసుకి చివరి ఆకారం తెప్పించడం) తప్పనిసరా?

డై వల్ల వచ్చేది ఛాంబర్ ఆకారానికి దగ్గర ఆకారం, చివరి కొలత ఛాంబర్లో పేల్చినప్పుడే వస్తుంది. కేసు వెనక్కి బోల్ట్‌కి (ఛాంబర్‌ని వెనక నుంచి మూసే భాగం) ఆనుకుని ఉండాలి, అది ముఖ్యం. రిమ్ ఉన్న కేసుకి రిమ్ ఆపుతుంది. రిమ్ లేనివాటిలో భుజం కాస్త ముందుకి ఉండేలా డై సెట్ చేసుకుని, బోల్ట్ మూసేటప్పుడు కొంచెం బిగువుగా తగిలేలా పెట్టుకోవాలి. లేకపోతే పేలినప్పుడు కేసు ముందుకి వెళ్ళి గోడలు ఛాంబర్‌కి అతుక్కుపోతాయి, అడుగు వెనక్కి సాగుతుంది, మొదటిసారికే అడుగు దగ్గర పలచబడుతుంది. కొత్తగా చేసిన కేసుకి పూర్తి లోడు (మందు మోతాదు) పెట్టకండి, లోపలి ఖాళీ ఇంకా అసలు ఖాళీ కాదు. మందు పెట్టకుండా కేసులో నీళ్ళు నింపి డైలో పిస్టన్‌తో కొట్టి ఉబ్బించే హైడ్రాలిక్ డైలు కూడా ఉన్నాయి, నెమ్మదైన పని, ఒళ్ళంతా తడుస్తుంది, కానీ శబ్దం గోల లేదు.

మార్టినీ-హెన్రీకి షాట్‌గన్ కేసు వాడతారట, నిజమేనా?

నిజమే. .577/450 అడుగుకి దగ్గరగా వచ్చేది 24 గేజ్ ఇత్తడి షాట్‌గన్ షెల్, మాగ్‌టెక్ వాళ్ళవి బాగా వాడతారు. స్నైడర్ .577కి (ఇంకో పాత బ్రిటిష్ రైఫిల్ తూటా) కూడా అదే షెల్, దానికైతే పొడవు కోసి కాస్త మూతి నొక్కితే దాదాపు అయిపోయినట్టే. మార్టినీది అలా కాదు, సీసా ఆకారం, సీసా మెడ పొడవు, మూడు నాలుగు డైలు, మధ్యమధ్యలో అనీల్. షెల్ గోడ పలచన కాబట్టి ముడతలు తొందరగా పడతాయి, అందుకే దీన్ని మొదటి పనిగా పెట్టుకోవద్దంటా. తమాషా ఏంటంటే మొదట్లో ఆర్సెనల్లో (సైన్యానికి ఆయుధాలు చేసే కార్ఖానా) ఆ తూటా కేసుని పలచటి ఇత్తడి రేకు చుట్టి చేసేవాళ్ళు, మనం ఇప్పుడు చేసేదానికే బలం ఎక్కువ.

ఇత్తడి రాడ్ తెచ్చి లేత్ మీద తిప్పేస్తే సరిపోదా?

షోకేసులో పెట్టుకునే డమ్మీకి సరిపోతుంది. పేల్చడానికి వద్దు. బజార్లో దొరికే లేత్ ఇత్తడి రాడ్లో సుమారు 3 శాతం సీసం ఉంటుంది, తిప్పినప్పుడు పొట్టు పొడిపొడిగా రాలాలని కలుపుతారు, అదే కారణంతో సాగదీస్తే విరుగుతుంది. కేసుకి కావాల్సిందే సాగి మళ్ళీ వెనక్కి రావడం. పైగా అసలు కేసుని మెట్లు మెట్లుగా సాగదీసి అడుగు గట్టిగా, మూతి మెత్తగా వచ్చేలా చేస్తారు, రాడ్ మొత్తం ఒకే గట్టిదనం.

రిమ్ లేత్ మీద తగ్గించొచ్చా?

వ్యాసం తగ్గించొచ్చు. మందం తగ్గించేటప్పుడు ముందు వైపు, అంటే ఛాంబర్‌కి ఆనే వైపు తియ్యండి, వెనక నుంచి తీస్తే ప్రైమర్ గుంట లోతు తగ్గి ప్రైమర్ బయటికి తేలుతుంది, బోల్ట్ మూసేటప్పుడే పేలే ప్రమాదం.

బెర్డాన్ ప్రైమర్ కేసు తల్లి కేసుగా పనికొస్తుందా?

పనికొస్తుంది గానీ తలనొప్పి. బాక్సర్ కేసులో మధ్యలో ఒకటే రంధ్రం, సూది పెట్టి ప్రైమర్ తోసెయ్యొచ్చు. బెర్డాన్‌లో గుంట మధ్య చిన్న బుడిపె, దాని పక్కన సాధారణంగా రెండు రంధ్రాలు, నీళ్ళ ఒత్తిడితోనో కొక్కెంతోనో తియ్యాలి, కొత్త ప్రైమర్లు దొరకడం కూడా కష్టమే. వింత ఏంటంటే బెర్డాన్ అమెరికా ఆయన, బాక్సర్ బ్రిటిష్ ఆయన, చివరికి అమెరికా అంతా బాక్సర్ వాడింది, యూరప్ చాలావరకు బెర్డాన్ వాడింది. లోపలికి టార్చ్ వేసి చూసి రంధ్రాలు లెక్కపెట్టి కొనండి, తెలీక ప్రైమర్ తోసే డీక్యాపింగ్ సూది విరగ్గొట్టుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

కేసులు దేనితో కడగాలి?

సబ్బునీళ్ళు, పలచటి సిట్రిక్ యాసిడ్, తర్వాత మంచినీళ్ళు, ఆరబెట్టడం. అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌లు మాత్రం వద్దు. దీని వెనక ఒక పాత కథ ఉంది. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం భారతదేశంలో వానాకాలం తూటాలు గుర్రపు సాలల్లో దాచేది, వానలు తగ్గాక తీస్తే కేసులు ఎవరూ ముట్టుకోకుండానే పగిలి ఉండేవి. వానాకాలం జబ్బు అనుకుని దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, నొక్కినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే అలా అవుతుందని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ తేల్చారు. మనం ఇంట్లో చేసే కేసులో ఆ మిగిలిపోయిన ఒత్తిడి మామూలు కేసుకన్నా ఎక్కువ. అందుకే చివరి అనీల్ మానకూడదు, ఫినాయిల్, క్లీనర్లు పెట్టే అలమరలో కేసులు పెట్టకూడదు.

యాసిడ్లో ఎక్కువసేపు వదిలేస్తే గులాబీ రంగు మచ్చలు వస్తాయి, పైపొరలో జింకు పోయి రాగి మిగిలిందన్నమాట. పైపైన అయితే పర్లేదు, లోతుగా ఉంటే పారెయ్యండి.

సరే, మందు ఎంత పొయ్యాలి?

చెప్పను అన్నా కదా. తప్పించుకోవడం కాదు. తల్లి కేసు వేరైతే గోడ మందం వేరు, లోపలి ఖాళీ వేరు, పాత పట్టికలో ఉన్న లోడు అప్పటి కేసుకి కొలిచింది. రెండు కేసుల్లోనూ నీళ్ళు నింపి తూచి చూడండి, తేడా మీకే కనపడుతుంది, ఖాళీ తక్కువైతే అదే మందుకి ఒత్తిడి ఎక్కువ. అచ్చైన రీలోడింగ్ మాన్యువల్‌లో మీ కాలిబర్‌కి, మీ రైఫిల్ బలానికి ఇచ్చిన కనీస లోడు నుంచి మొదలెట్టాలి. పొగలేని మందు 1880ల మధ్యలో వచ్చింది, అంతకుముందు చేసిన రైఫిళ్ళు నల్లమందుకి కట్టినవి, పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్ చూసి సరే అన్నాకే దేనికైనా.

అడుగు మీద పాత పేరే ఉంటుంది కదా, ఏం చెయ్యాలి?

ఇది చిన్న విషయంలా కనపడే పెద్ద విషయం. 8×57గా మార్చిన కేసు అడుగున .30-06 అనే రాసుంటుంది. మీకు తెలుసు, మీ తర్వాత ఆ డబ్బా తెరిచేవాళ్ళకి తెలీదు. పాత అక్షరాల మీద అడ్డంగా గీత చెక్కేవాళ్ళున్నారు, నేనైతే అడుగుని కెలకడం ఇష్టపడను, చెరిగిపోని రంగు రిమ్ చుట్టూ వేసి, డబ్బా లోపల బయట రెండు చోట్లా తల్లి కేసు, కొత్త కాలిబర్, మెడ మందం, చేసిన తేదీ రాసి పెడతా. వేరే కాలిబర్ తూటాలతో ఒకే డబ్బాలో కలపకండి. ఇంకొకరికి ఇచ్చేయకండి కూడా, మీ ఛాంబర్‌కి చేసింది వాళ్ళ ఛాంబర్‌కి సరిపోవాలని ఏమీ లేదు.

ఒక్కో కేసు ఎన్నిసార్లు వస్తుంది?

ఛాంబర్ వదులుని బట్టి, మీరు ప్రతిసారీ డైలో ఎంత వెనక్కి తోస్తున్నారన్న దాన్ని బట్టి. ఒకసారి ఛాంబర్‌కి సరిపోయాక మెడ మాత్రమే సైజ్ చేసుకుంటే చాలా రోజులొస్తుంది. .303 లాంటి వాటిలో ఛాంబర్ భుజం దగ్గర వదులుగా ఉంటుంది, ప్రతిసారీ భుజం వెనక్కి తోసి మళ్ళీ పేలిస్తే అడుగుకి కాస్త పైన గోడ సాగి సాగి పలచబడి ఒక రోజు కేసు రెండు ముక్కలై ముందు ముక్క ఛాంబర్లోనే ఉండిపోతుంది. చూసే పద్ధతి సులువు. సన్న ఉక్కు తీగ తీసుకుని కొసని చిన్న కొక్కెంలా వంచి, ఆ కొసని పదునుగా రాసి, కేసు లోపల అడుగుదాకా దించి, గోడకి ఆనించి పైకి లాగండి. కొక్కెం గుంటలో తట్టుకున్నట్టు తగిలితే లోపల రింగు పడింది. బయట అదే చోట చుట్టూ మెరిసే గీత కూడా కనపడొచ్చు, కనపడకపోయినా తీగ మాటే నమ్మండి. అలాంటి కేసుని వెంటనే ప్లయర్స్‌తో మూతి నలిపెయ్యండి, లేకపోతే పొరపాటున మళ్ళీ మంచి వాటిలో కలిసిపోతుంది.